గేమింగ్ కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు ఎలా ఎంచుకోవాలి?

గ్రాఫిక్స్ కార్డు మార్చాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది ‘ఏ కార్డు మంచిది?’ అని. హన్మకొండలో షాపుకు వెళ్లినా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి (కంప్యూటర్ షాపుల సముదాయానికి) వెళ్లినా దానికి పది మంది పది జవాబులు చెప్తారు. అసలు జవాబు మీ ఇంట్లోనే ఉంది. మీ మానిటర్ ఎంత, మీ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) ఎంత కరెంటు ఇవ్వగలదు అన్నవి తేలితే, సగం కార్డులు జాబితాలోంచి వాటంతటవే పోతాయి.

ముందు తప్పు కార్డుదేనా అని చూడండి

గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేములను (సెకనుకు తెర మీద మారే బొమ్మలను) కట్టేసే వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ తీసేసి కాసేపు ఆడండి. ఆడుతుండగా టాస్క్ మేనేజర్‌లో గానీ, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో గానీ జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) వాడకం ఎంతుందో గమనించండి. 95 శాతానికి పైనే ఉంటే కార్డు తన శక్తంతా పెడుతున్నట్టు, అంటే మార్చాల్సింది దాన్నే. 50, 60 దగ్గరే ఆగిపోయి గేమ్ మాత్రం తడబడుతుంటే ఆపుతున్నది ప్రాసెసరో ర్యామో అయి ఉంటుంది. ఇంకో చిన్న పరీక్ష: రిజల్యూషన్‌ను (తెర మీద పిక్సెళ్ల లెక్కను) 1080పీ నుంచి 720పీకి దించండి. ఫ్రేములు పెరగకపోతే కొత్త కార్డు పెట్టినా పెద్దగా పెరగవు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివే ఎక్కువగా ఆడేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది, ఎందుకంటే అవి ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడతాయి. 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉంటే, ముందు అలాంటిదే ఇంకోటి వేసి చూడండి. కొత్త కార్డు కన్నా ఖర్చు తక్కువే.

మానిటర్‌ను బట్టి స్థాయి తేల్చుకోండి

60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ మీద కార్డు 140 ఫ్రేములు ఇచ్చినా మీకు కనిపించేవి 60. అలాంటప్పుడు ఖరీదైన కార్డు కన్నా మామూలు కార్డు తీసుకుని, మిగిలిన డబ్బు మానిటర్‌కు పెట్టడం మేలు. 1440పీ మానిటర్ ఉంటే లెక్క మారుతుంది. 1080పీతో పోలిస్తే దానికి గీయాల్సిన పిక్సెళ్లు సుమారు ఒకటిముప్పావు రెట్లు.

కార్డు మీదుండే మెమరీ విషయంలో నా అభిప్రాయం ఇది: కొత్త గేములు 1080పీలో ఆడాలంటే 8 జీబీకి తగ్గొద్దు, 1440పీకి 12 లేదా 16 ఉండాలి. అయితే మెమరీ అంకె ఒక్కటే చూసి కొనకండి. జీటీ 730 అనే పాత కార్డు కూడా 4 జీబీతో దొరుకుతుంది, గేములకు మాత్రం అది పనికిరాదు. ఒకే పేరుతో రెండు రకాలుండటం ఇంకో చిక్కు. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది వేరు, 6 జీబీది వేరు. రెండో దాంట్లో కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా తక్కువ. 5060 టీఐ, ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా 8, 16 జీబీల్లో వస్తాయి. బిల్లు మీద పూర్తి పేరు, మెమరీ రెండూ రాయించుకోండి.

ఎస్‌ఎంపీఎస్ మీద లేబుల్ చదవండి

అందరూ వదిలేసేది ఇదే, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని నమ్మకండి. పక్క డోర్ తీసి లేబుల్ మీద +12వీ అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. ఆ అంకెను 12తో గుణించండి. 16 ఆంపియర్లని ఉంటే వచ్చేది 192 వాట్లే. గ్రాఫిక్స్ కార్డూ ప్రాసెసరూ బతకాల్సింది ఆ 192లోనే.

ఇప్పుడు కార్డు ఎంత తీసుకుంటుందో చూడండి. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీది 70 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 115, ఆర్ఎక్స్ 6600 132, ఆర్‌టీఎక్స్ 5060 145, ఆర్‌టీఎక్స్ 3060 170, ఇంటెల్ ఆర్క్ బీ580 190. కార్డు కూర్చునే స్లాట్ నుంచి వచ్చేది 75 వాట్లు మాత్రమే. దానికి మించితే 6 పిన్ వైరు 75, 8 పిన్ వైరు 150 ఇస్తాయి. మీ ఎస్‌ఎంపీఎస్‌కు ఆ వైర్లే లేకపోతే, పాత హార్డ్‌డిస్క్ వైరుకు కన్వర్టర్ తగిలించి లాగొద్దు. వైరు వేడెక్కి ప్లగ్గు కరిగే ప్రమాదం ఉంది. మంచి కంపెనీ 550 వాట్ల, బ్రాంజ్ (80 ప్లస్ సామర్థ్యపు ముద్ర) ఉన్న ఎస్‌ఎంపీఎస్ ధరను కార్డు బడ్జెట్‌లోనే కలిపి లెక్కేయండి. దానికోసం ఒక మెట్టు తక్కువ కార్డు కొనాల్సి వచ్చినా సరే.

ఇళ్లలో పెట్టుకునే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్ల దాకే మోస్తాయి. మామూలు పనికి చాలినవి, పెద్ద కార్డు పెట్టాక కరెంటు పోగానే సిస్టమ్‌తో సహా ఆగిపోవచ్చు. ఇంకో సంగతి, క్యాబినెట్‌ను ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? అయితే ఎర్తింగ్ సరిగా లేనట్టే. కార్డు కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

బోర్డు, క్యాబినెట్, ఎండ

క్యాబినెట్ వెనక రేకు నుంచి ముందు ఫ్యాన్ వరకు టేపుతో కొలవండి. రెండు ఫ్యాన్ల కార్డులు ఎక్కువగా 20 నుంచి 25 సెంటీమీటర్లు, మూడు ఫ్యాన్లవి 30 కూడా దాటుతాయి. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన సన్న క్యాబినెట్ల సిస్టమ్ అయితే, 8 పిన్ వైరు ఉండదు, ఎత్తు కూడా చాలదు. దానికి సరిపోయేవి లో-ప్రొఫైల్‌లో (తక్కువ ఎత్తులో) వచ్చే జీటీఎక్స్ 1650, 3050 6 జీబీ లాంటివే. ఆర్క్ బీ580 ధర చూసి ఆశపడే వాళ్లు మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి వాడుకునే సదుపాయం) ఉందో లేదో చూసుకోవాలి. అది లేని పాత సిస్టమ్‌లో ఆ కార్డు వేగం బాగా పడిపోతుంది.

వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు మే నెల సంగతి చెప్పక్కర్లేదు. గదే 38, 40 డిగ్రీలుంటే కార్డు చల్లగా ఎలా ఉంటుంది? ముందుభాగం అంతా అద్దంతో మూసేసిన క్యాబినెట్ కన్నా జాలీ ఉన్నది నయం. ఒకే ఫ్యాన్ కార్డు కన్నా రెండు ఫ్యాన్లది తీసుకోండి.

కొనేటప్పుడు

మీరు ఆడే గేముల్లో, మీ రిజల్యూషన్‌లో ఆ కార్డు సగటున ఎన్ని ఫ్రేములు ఇస్తుందో రివ్యూల్లో చూసి, ధరను ఆ అంకెతో భాగించండి. ఫ్రేముకు ఎంత పడుతుందో తెలిసిపోతుంది. కాజీపేటలో బండెక్కి సికింద్రాబాద్ వెళ్తే కొంత తగ్గొచ్చు. తేడా వెయ్యీ పదిహేను వందలైతే నేను ఊళ్లోనే కొనమంటాను. క్యాబినెట్ బండి మీద పెట్టుకుని పోయి, “అన్నా, ఇందులోనే పెట్టి ఒక అరగంట ఆడించి చూపించండి” అని అడగొచ్చు. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి.

సెకండ్ హ్యాండ్ అయితే జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి చిప్ పేరు సరిచూడండి. ఆర్ఎక్స్ 580 పేరుతో 2304 కోర్లకు బదులు 2048 కోర్లున్న రకం కూడా తిరుగుతోంది. కార్డుకు పూర్తి పని పెట్టే ఫర్‌మార్క్ అనే సాఫ్ట్‌వేర్ పావుగంట నడిపి తెర మీద చుక్కలు, గీతలు వస్తున్నాయేమో, ఫ్యాన్ గరగరమంటుందేమో గమనించండి. అమ్మేవాళ్లు నడిపి చూపించనంటే కొనకండి.

బిగించేటప్పుడు

పాత డ్రైవర్‌ను సేఫ్ మోడ్‌లో డీడీయూతో (డ్రైవర్లను పూర్తిగా తీసేసే సాఫ్ట్‌వేర్‌తో) తీసేయండి. ప్లగ్గు పీకి, పాత కార్డు స్క్రూలు విప్పి, స్లాట్ చివర క్లిప్ నొక్కి బయటికి లాగండి. కొత్తది క్లిక్‌మనే దాకా నొక్కి, స్క్రూలు బిగించి, పవర్ వైరు పూర్తిగా లోపలికి పోయిందో లేదో చూడండి. మానిటర్ కేబుల్ బోర్డుకు కాకుండా కార్డుకే పెట్టాలి. సిస్టమ్ ఆన్ అయ్యాక కొత్త డ్రైవర్ వేసి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కూడా చాలాసార్లు 60 మీదే ఉండిపోతుంది, దాన్ని మీరే మార్చాలి.