ఆదరణ కూడికలో ‘ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్’ పాడించడం ఎలా

‘ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్’ (నా ప్రాణానికి క్షేమమే) ఒక ఇంగ్లీషు క్రైస్తవ కీర్తన. ఆప్తులను పోగొట్టుకున్నవారిని ఓదార్చే ఆదరణ కూడికలో దీన్ని పాడించాలంటే ముందు శ్రుతి చూసుకోండి. పాత కీర్తనల పుస్తకాల్లో ఈ పాట ఎక్కువగా డి ఫ్లాట్ మేజర్‌లో ఉంటుంది. మొదటి రెండు పాదాలు హాయిగా సాగుతాయి కాబట్టి ఇబ్బంది తెలియదు. మూడో పాదంలో బాణీ ఒక్కసారిగా పైకెక్కుతుంది, అక్కడ చాలామంది పాడలేక ఆగిపోతారు. ఏడ్చి ఏడ్చి గొంతు పట్టేసినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే మూడో పాదం పాడి చూసి దాన్నిబట్టి శ్రుతి పెట్టుకోండి. మామూలుగా సి మేజర్ సరిపోతుంది. పొద్దున్నే జరిగే కూడికైతే బి ఫ్లాట్ మేలు: సి లో వాయించే అలవాటుంటే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే సదుపాయం) మైనస్ 2 పెట్టండి.

తాళం 4/4. మొదటి అక్షరం నాలుగో దెబ్బ మీద పడుతుంది. కాబట్టి నడిపించేవారు మూడు దెబ్బలు లెక్కపెట్టి ఎత్తుకోవాలి, లేకపోతే సంఘం ఒక్కొక్కరు ఒక్కోచోట అందుకుంటారు. వేగం నిమిషానికి 66 నుంచి 72 దెబ్బలు చాలు. దుఃఖంలో ఉన్నారు కదా అని మరీ నెమ్మదిస్తే పాదం మధ్యలోనే ఊపిరి అయిపోతుంది.

పల్లవిలో మొదటి రెండు ముక్కల్లో (‘ఇట్ ఈజ్ వెల్’, ‘విత్ మై సోల్’) ఒక్కోదాని చివర స్వరం సాగుతుంది. ఆ వ్యవధిలో మగవాళ్లు అదే ముక్కను తిరిగి పలకాలి. ఈ పని ఎవరికీ అప్పగించకపోతే ఆ ఖాళీలో జనం తొందరపడి తర్వాతి ముక్కలోకి వెళ్లిపోతారు, వాద్యం వెనకబడుతుంది. మైకు దగ్గర ఇద్దరు ముగ్గురు మగవాళ్లను నిలబెడితే చాలు. మూడో ముక్క అందరూ కలిసి పాడాలి.

సమయం తక్కువైతే రెండో చరణం వదిలేయండి గానీ మూడోది వదలవద్దు. పాపభారం సిలువమీద తీరిపోయిందనే మాట అందులో ఉంది. ఆ ఆధారం లేకుండా ‘నా ప్రాణానికి క్షేమమే’ అని దుఃఖితులచేత పాడించడం న్యాయం కాదు. డ్రమ్స్ అక్కర్లేదు. ప్రభువు రాకడను గూర్చిన చివరి చరణంలో మాత్రం గొంతులు పెంచవచ్చు.

పాటకు ముందు దాని చరిత్ర చెప్పేవారు తేదీలు సరిచూసుకోవాలి. రాసినది షికాగో న్యాయవాది హొరేషియో స్పాఫర్డ్. 1871 షికాగో అగ్నిప్రమాదంలో ఆయన ఆస్తి చాలా పోయింది. 1873 నవంబరు 22న ‘విల్ డు ఆవ్ర్’ అనే ఓడ అట్లాంటిక్‌లో మరో ఓడను ఢీకొని మునిగింది. 226 మంది చనిపోయారు, వారిలో ఆయన నలుగురు కూతుళ్లూ ఉన్నారు. ఆ ఓడలోనే ఉన్న భార్య ఆనా మాత్రం బతికి, తానొక్కతే రక్షించబడ్డానని తంతి పంపింది. స్పాఫర్డ్ కొడుకు చావును అగ్నిప్రమాదానికి ముందు పెట్టి చెప్పడం తరచుగా జరిగే పొరపాటు. ఆ బాబు పుట్టిందే ఓడ ప్రమాదం తర్వాత, 1880లో స్కార్లెట్ జ్వరంతో పోయాడు. స్పాఫర్డ్ భార్య దగ్గరకు వెళ్తూ, కూతుళ్లు మునిగిన చోటు దాటుతూ సముద్రం మీదే ఈ పాట రాశాడని కుటుంబం చెప్పుకున్నది. 1876లో షికాగోలో స్పాఫర్డ్ ఇంట తాను బస చేసినప్పుడు ఆయన దీన్ని రాశాడని సువార్త గాయకుడు ఐరా శాంకీ రాశాడు. కాబట్టి ‘సముద్రం మీద రాశాడని చెబుతారు’ అంటే చాలు.

బాణీ కట్టిన ఫిలిప్ బ్లిస్ పేరు తప్పక చెప్పండి. బాణీకి ఆ ఓడ పేరే ఉంది. పాట అచ్చయిన 1876లోనే, డిసెంబరు 29న, ఒహాయోలోని ఆష్టబ్యులా దగ్గర వంతెన కూలి రైలు పడిపోయినప్పుడు బ్లిస్, ఆయన భార్య చనిపోయారు. ఇదంతా రెండు నిమిషాలు మించకూడదు. ఓడ మునిగిన తీరును వర్ణించకండి, ఎదుట కూర్చున్నవాళ్లు ఇంకా తమవారి మరణవార్త నుంచి తేరుకోలేదు.

ఇదే బాణీకి తెలుగు మాటలు కూర్చాలనుకుంటే, పాదాల్లో అక్షరాలు వరుసగా 11, 8, 11, 9. లెక్క సరిపోయినంత మాత్రాన పాట నిలవదు. తెలుగులో ఊనిక (నొక్కి పలకడం) సాధారణంగా పదం మొదట్లో ఉంటుంది, ఇక్కడ మొదటి అక్షరం బలహీనమైన దెబ్బ మీద పడుతుంది. అందువల్ల పాదాన్ని ‘ఈ’, ‘నా’, ‘ఏ’ లాంటి చిన్న మాటతో ఎత్తుకుని, అసలు పదాన్ని ఒకటో దెబ్బకు జరపండి. సాగే స్వరం కింద దీర్ఘమే ఉండాలి. హ్రస్వాన్ని అక్కడ పెడితే పాడేవాళ్లు దాన్ని లాగి మాటను పాడుచేస్తారు. వాద్యం లేకుండా చప్పట్లతో చదివి, ఎక్కడ నాలుక తడబడుతుందో అక్కడ మాట మార్చండి.