ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ ఒప్పందంపై సంతకానికి ముందు రుసుముల విషయంలో జాగ్రత్తలు

సెబీ 2012 నిబంధనల కింద నమోదైన ఏఐఎఫ్‌లో (ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధి; ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ ఈ కోవలోదే) సాధారణంగా కనీసం కోటి రూపాయలు పెట్టాలి గనుక, సంతకానికి ముందే ప్లేస్‌మెంట్ మెమోరాండంలో (ఫండ్ వివరాలు, షరతులు తెలిపే పత్రం) రుసుముల భాగాన్ని ఒక్క వాక్యం వదలకుండా చదవండి.

నిర్వహణ రుసుము ఎంత శాతమన్నదానికన్నా, దాన్ని దేనిమీద లెక్కిస్తారన్నది ముఖ్యం. మీరు కోటి ఇస్తానని ఒప్పుకొని మొదటి ఏడాది 30 లక్షలే చెల్లించినా, ఒప్పుకున్న మొత్తంమీద 2 శాతం రుసుమైతే 2 లక్షలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 2.36 లక్షలు అవుతుంది. అంటే మీరు నిజంగా చెల్లించిన సొమ్ములో దాదాపు 8 శాతం. పెట్టుబడులు పెట్టే గడువు ముగిశాక ఈ లెక్క మిగిలిన పెట్టుబడికి మారుతుందో లేదో చూడండి.

లాభంలో మేనేజరు తీసుకునే వాటాను క్యారీ అంటారు. అది తరచుగా 20 శాతం ఉంటుంది. హర్డిల్ రేటు (మదుపరులకు ముందుగా దక్కాల్సిన కనీస రాబడి) దాటాకే ఇస్తామన్న మాట చూసి నిశ్చింతగా ఉండకండి, ఎందుకంటే పూర్తి క్యాచప్ (హర్డిల్ దాటాక వచ్చే లాభమంతా మేనేజరు తన వాటా పూర్తయ్యేదాకా తీసుకోవడం) ఉంటే, లాభం తగినంత వచ్చినప్పుడు, హర్డిల్ లోపలి లాభంలో కూడా మేనేజరుకు 20 శాతం చేరుతుంది.

ఒక్కో కంపెనీ అమ్మినప్పుడల్లా క్యారీ తీసుకునే పద్ధతిలో తర్వాతి నష్టాలు మీ మీదే పడే ప్రమాదం ఉంది కాబట్టి, ఎక్కువగా తీసుకున్నది తిరిగి చెల్లించే క్లాబ్యాక్ షరతు తప్పనిసరిగా అడగండి. మదుపరుల మూలధనమంతా తిరిగొచ్చాకే క్యారీ ఇచ్చే పద్ధతే న్యాయమని నా అభిప్రాయం.

పెట్టుబడి పొందిన కంపెనీల నుంచి మేనేజరు వసూలు చేసే సలహా రుసుములను మీ నిర్వహణ రుసుములోంచి తగ్గిస్తారా?

పంపిణీదారును ఆశ్రయించే ముందు, సెబీ 2023లో తప్పనిసరి చేసిన డైరెక్ట్ ప్లాన్ (పంపిణీ రుసుము లేకుండా నేరుగా ఫండ్‌లో చేరే మార్గం) గురించి అడగండి.