ఆర్ట్ ఫెయిర్‌లో డిజైన్ స్టాళ్లు చూడాలంటే

ఢిల్లీ ఓఖ్లాలో ఎన్‌ఎస్‌ఐసీ గ్రౌండ్స్‌లో ఫిబ్రవరిలో జరిగే ఇండియా ఆర్ట్ ఫెయిర్‌లో 2024 నుంచి డిజైన్‌కి విడిగా ఒక విభాగం పెట్టారు. కుర్చీలు, దీపాలు, బల్లలే, కానీ ఫర్నిచర్ షాపు అనుకుని వెళ్తే తికమకపడతారు.

ముందు ఒక్క చుట్టు ఊరికే తిరగండి, ఫోన్ తీయకండి. నచ్చినవాటి దగ్గరికి రెండోసారి వెళ్లి పక్కనున్న లేబుల్ చదవండి. అందులో ఎడిషన్ అని ఉంటుంది: 3/8 అంటే అదే డిజైన్‌లో చేసిన మొత్తం ఎనిమిదిలో ఇది మూడోది. వీటికి తోడు ఆర్టిస్ట్ ప్రూఫ్‌లని, అంటే ఆ లెక్కలో చేర్చకుండా ఆర్టిస్ట్ తన దగ్గర ఉంచుకునేవి, మరో రెండు మూడు ఉండొచ్చు, అవి కూడా కలిపి మొత్తం ఎన్ని అని అడగండి, మొహమాటం వద్దు.

ఆ తర్వాత చేతిపని చూడండి. డిజైనర్ విక్రమ్ గోయల్ ఇత్తడి పని లాంటిది ఎదురుగా నిలబడి చూస్తే సగమే తెలుస్తుంది, పక్కకి జరిగి వెలుతురు రేకు మీద ఏటవాలుగా పడేలా చూస్తే సుత్తి దెబ్బలు కనిపిస్తాయి. లక్క పూసిన చెక్క కనబడితే మన ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయి, అప్పుడు నేనైతే అడిగేది ఒకటే: లేబుల్ మీద డిజైనర్ పేరే ఉంటే, చేత్తో చేసిన కళాకారుడి పేరు ఎందుకు లేదు?

అడక్కుండా కుర్చీలో మాత్రం కూర్చోకండి. కొనే ఆలోచన ఉంటే బరువు, రవాణా ఖర్చు, అసలైనదేనని ఇచ్చే సర్టిఫికెట్ సంగతి ధరతో పాటే రాయించుకోండి, లిఫ్ట్‌లో పట్టని బల్ల కొని ఇంటికొచ్చాక టెన్షన్ పడటం ఎందుకు.