ఎండాకాలంలో సరస్సు రోజుకో తీరుగా మారుతుంటే బాస్ చేపను పట్టడం ఎలా?

బాస్ అంటే గాలంతో సరదాగా వేటాడే మంచినీటి చేప. అందులో పెద్ద నోరున్న రకమైన లార్జ్‌మౌత్ బాస్‌లో ప్రపంచ రికార్డును ఇద్దరు పంచుకుంటున్నారు. 1932 జూన్ 2న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీకి 22 పౌండ్ల 4 ఔన్సుల చేప పడింది. 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటాకు పడిన చేప దానికంటే ఔన్సు లోపే ఎక్కువ తూగింది. అంత కొద్ది తేడాను కొత్త రికార్డుగా లెక్కించరు కాబట్టి ఇద్దరినీ సమంగా నిలబెట్టారు. అక్కడ జూన్, జూలై వేసవి నెలలే, అంటే రెండు చేపలూ వేసవిలో పడ్డవే. ఎండాకాలంలో పెద్ద బాస్ పడదన్న మాటను నమ్మాల్సిన పని లేదు.

పట్టడం కష్టమవుతుందన్న మాట మాత్రం నిజం. అలాగని చేప తిండి మానేసిందని కాదు. సరస్సే నిలకడగా ఉండదు. వసంతంలో గుడ్లు పెట్టే రోజుల్లో బాస్ ఒడ్డు పక్కనే తిరుగుతుంది, ఎక్కడుందో ఊహించడం తేలిక. ఎండలు ముదిరాక నీటి వేడి, ఆక్సిజన్, గాలి, నీటిమట్టం, ఒక్కోసారి నీటి రంగు కూడా కొద్ది రోజుల్లోనే మారిపోతాయి. చేప ఆ మార్పుల వెంట పోతుంది. అందుకే ఏ ఎర కట్టాలా అని ఆలోచించే ముందు, నిన్నటికీ ఇవాళ్టికీ నీళ్లలో ఏం మారిందో చూడాలి.

1. నీళ్ల పొరలు ఎక్కడున్నాయో కనిపెట్టండి

లోతైన సరస్సులో వేసవిలో ఈదినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. పైన నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, కాళ్లు కిందికి చాపితే చల్లగా తగులుతాయి. వేడి నీరు తేలిక కాబట్టి పైన ఉంటుంది, చల్లని నీరు అడుగున ఉండిపోతుంది. గాలి వీచినా పై పొర మాత్రమే కలుస్తుంది. ఈ రెంటికీ మధ్య, వేడి ఒక్కసారిగా పడిపోయే పొరను థర్మోక్లైన్ అంటారు. మీటరు లోతుకు ఒక డిగ్రీ సెల్సియస్ కంటే ఎక్కువ తగ్గుతోందంటే మీరు దాని దగ్గరకు వచ్చినట్టే.

దాని కింది నీటికి గాలి తగలదు, వెలుతురు సరిగా అందదు. పైనుంచి రాలిన నాచు, ఆకులు అడుగున కుళ్లుతూ అక్కడున్న ఆక్సిజన్‌ను ఖర్చు చేసేస్తాయి. నాచు బాగా పెరిగే సరస్సుల్లో వేసవి సగం గడిచేసరికి ఆ కింది పొరలో బాస్ బతకగలిగేంత ఆక్సిజన్ ఉండదు. అక్కడ గాలం ఎంతసేపు వేసినా లాభం లేదు.

ఫిష్ ఫైండర్ (శబ్ద తరంగాలతో నీటి లోపల ఏముందో తెర మీద చూపే పరికరం) ఉంటే సెన్సిటివిటీ పెంచి లోతైన చోట నడపండి. సరస్సు అడుగు నేలకు బాగా పైన మసకగా, అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది. చిన్న చేపల గుంపులు చాలావరకు ఆ గీతకు పైనే ఉంటాయి. ఫైండర్ లేకపోతే పొడవాటి వైరున్న డిజిటల్ థర్మామీటరు చాలు. మీటరు మీటరుకూ ఆపి రీడింగ్ చూసుకోవచ్చు.

గీత ఏ లోతులో ఉందో తెలిసిందంటే సరస్సులో వెతకాల్సిన భాగం బాగా తగ్గిపోతుంది. 18 అడుగుల దగ్గర ఉందనుకోండి. 30 అడుగుల్లో ఉన్న మొద్దుల్ని వదిలేసి, 12 నుంచి 18 అడుగుల మధ్య ఏ దిబ్బ ఉందో, ఏ వాలు ఉందో మ్యాపులో వెతకండి. వేసవి సాగేకొద్దీ ఈ గీత కిందికో పైకో జరుగుతుంది కాబట్టి వెళ్లిన ప్రతిసారీ మళ్లీ చూడాలి.

అన్ని సరస్సులకూ ఇది వర్తించదు. ఫ్లోరిడాలోని ఒకీచోబీ ఎంతో విశాలమైనదే కానీ సగటు లోతు సుమారు 9 అడుగులే. అలాంటి చోట గాలికి నీళ్లన్నీ కలిసిపోతాయి. ప్రవాహం బలంగా ఉండే రిజర్వాయర్లలోనూ పొరలు సరిగా ఏర్పడవు. బాగా తేటగా, నాచు తక్కువగా ఉండే సరస్సుల్లోనైతే థర్మోక్లైన్ కింద కూడా ఆక్సిజన్ మిగిలి ఉంటుంది. అక్కడ స్మాల్‌మౌత్ బాస్ (బాస్‌లోనే చిన్న నోటి రకం) ఇంకా లోతుకు దిగుతుంది.

2. లోతులో వెతకాలా, ఒడ్డున వెతకాలా తేల్చుకోండి

నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే పడుతుంది. అదే వేడికి చేప ఒంట్లో తిండి అరిగే వేగం పెరుగుతుంది. అంటే ఆకలి ఎక్కువ, ఊపిరి తక్కువ. వేసవిలో బాస్ కాసేపు విరగబడి తిని, మిగతా సమయమంతా కదలకుండా ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

అలా కాలం గడపడానికి దానికి రెండు చోట్లు అనువు. ఒకటి ఒడ్డు దగ్గరి దట్టమైన నీడ: కలువ ఆకులు, నీటి గడ్డి, పడిపోయిన చెట్లు, పడవలు కట్టే చెక్క వంతెనలు. రెండోది లోతుకు ఆనుకున్న అంచు: పాత వాగు గట్లు, నీళ్లలోకి పొడుచుకొచ్చిన నేల కొసలు, మునిగిన దిబ్బలు. సరస్సులో పచ్చటి గడ్డి ఉంటే నేను ముందు గడ్డి దగ్గరకే వెళ్తాను, ఎందుకంటే ఎండ ఉన్నంతసేపు అది ఆక్సిజన్ ఇస్తూనే ఉంటుంది. గోధుమరంగుకు తిరిగి కుళ్లుతున్న గడ్డిని మాత్రం వదిలేయండి.

ఒడ్డు దగ్గర గిన్నెల్లాంటి గుంటలు గుంపుగా కనిపిస్తే అవి బాస్ తినే బ్లూగిల్ అనే చిన్న చేపల గూళ్లు. బ్లూగిల్ వేసవంతా విడతలుగా గుడ్లు పెడుతుంది. పెద్ద బాస్ ఆ గూళ్లకు పక్కనున్న లోతైన అంచులో కాపు కాస్తుంది. పైన చెప్పిన కురిటా ఎరగా వాడింది బతికున్న బ్లూగిల్‌నే.

ఆనకట్ట ఉన్న రిజర్వాయరైతే కరెంటు ఉత్పత్తి వేళలు తెలుసుకోండి. అమెరికాలో టెన్నెస్సీ నది మీది కెంటకీ లేక్, గంటర్స్‌విల్ వంటి రిజర్వాయర్లలో వేసవి వేట చాలావరకు ఈ వేళల మీదే నడుస్తుంది. అక్కడి ఆనకట్టల్ని నడిపే టెన్నెస్సీ వ్యాలీ అథారిటీ నీటి విడుదల వివరాలను ముందుగానే అందరికీ తెలియజేస్తుంది. టర్బైన్లు తిరిగితే నీళ్లు కదులుతాయి, చిన్న చేపలు ప్రవాహంలో కొట్టుకొస్తాయి, గట్టు మీద చెల్లాచెదురుగా ఉన్న బాస్ అంచు దగ్గర బారులు తీరుతుంది. దాని మొహం ప్రవాహానికి ఎదురుగా ఉంటుంది. కాబట్టి ఎగువకు విసిరి, ఎర నీటి వాలులో దాని వైపు వచ్చేలా లాగండి. నీళ్లు ఆగిపోయాయంటే అదే చోట అదే చేప నోరు మూసుకుంటుంది.

3. వేళను బట్టి ఎర మార్చండి

తెల్లవారుజామున, సాయంత్రం వెలుతురు తగ్గాక నీటి మీదే కదిలే ఎరలు పనిచేస్తాయి: నీళ్లు చిమ్మే పాపర్, రెక్క తిరుగుతూ చప్పుడు చేసే బజ్‌బెయిట్. అయితే గడ్డి బాగా దట్టంగా ఉన్న చోట తెల్లవారుజామునే ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. రాత్రంతా మొక్కలు ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయే తప్ప ఇవ్వవు. అలాంటి చోట పొద్దునే గడ్డి బయటి అంచున వేయండి. ఎండెక్కాక లోపలికి వెళ్లండి.

మిట్టమధ్యాహ్నం గడ్డి మీద బోలు కప్ప ఎరను ఆపి ఆపి నడిపించండి. చేప పైకి ఎగిసిన క్షణంలోనే లాగితే ఎర ఊడి వచ్చేస్తుంది. లైన్ (గాలం దారం) మీద బరువు తెలిశాకే గట్టిగా లాగాలి. దీనికి 50 నుంచి 65 పౌండ్ల బరువును ఆపగల అల్లిక లైన్ కావాలి. అంతకంటే సన్నదైతే చేప గడ్డిలో చుట్టేసుకుంటుంది.

లోతు అంచుల్లో ముందు డీప్ డైవింగ్ క్రాంక్‌బెయిట్‌తో (లాగితే లోతుకు దిగి ఊగుతూ ఈదే, చేప ఆకారపు గట్టి ఎర) వెతకండి. అక్కడి లోతు కంటే కాస్త ఎక్కువకే దిగేది ఎంచుకోండి, ఎందుకంటే అది నేలను తాకి, రాయికి తగిలి పక్కకు తిరిగినప్పుడే చేప ఎక్కువగా కొడుతుంది. ఒక చేప పడితే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. వేసవిలో లోతున ఒక్క బాస్ ఉండటం అరుదు. ఆ తర్వాత టెక్సాస్ రిగ్ (ముందు గుండు, కొక్కెం మొన మెత్తటి ప్లాస్టిక్ ఎరలో దాగిన అమరిక) లేదా ఫుట్‌బాల్ జిగ్‌తో (కోలగా ఉండే బరువైన తల ఉన్న కొక్కెం) అక్కడే నెమ్మదిగా వెతకవచ్చు.

4. మార్పు వచ్చిన రోజున

*గాలి.* కొన్ని గంటలు ఒకే దిక్కు నుంచి వీస్తే నీటి మీది సూక్ష్మజీవులు అవతలి ఒడ్డుకు చేరతాయి. వాటి వెంట చిన్న చేపలు, వాటి వెంట బాస్ వెళ్తాయి. అలలు కొట్టే ఒడ్డు దగ్గర పడవ నిలపడం శ్రమే అయినా నేను వెళ్లమనే చెబుతాను. అక్కడ స్పిన్నర్‌బెయిట్ (లాగితే లోహపు రేకు గిర్రున తిరిగే ఎర) వేగంగా లాగవచ్చు, ఎందుకంటే అలల వల్ల చేపకు ఎర స్పష్టంగా కనిపించదు. ఇంకో విషయం చాలామంది గమనించరు. బలమైన గాలికి వేడి నీరు ఒక పక్కకు పేరుకుని థర్మోక్లైన్ వాలిపోతుంది. గాలి తోసే ఒడ్డు వైపు అది లోతుకు దిగుతుంది, ఇవతలి వైపు పైకి లేస్తుంది. నిన్న 18 అడుగుల దగ్గర పడ్డ చేప ఇవాళ లేకపోతే కారణం ఇదే కావచ్చు.

*వాన, కొత్త నీరు.* ఎండలు మండుతున్న రోజుల్లో పెద్ద వాన పడితే వాగులు కలిసే చోటుకు వెళ్లండి. కొత్త నీటితో చల్లదనం, ఆక్సిజన్, పురుగులు అన్నీ వస్తాయి. బురద నీరూ తేట నీరూ కలిసే గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత వెంబడి, తేట వైపు ఎర లాగండి. మొత్తం బురదైపోతే బాస్ లోతుకు పోదు, ఒడ్డు దగ్గర చెట్టుకో బండకో అతుక్కుని ఉంటుంది. అప్పుడు అది కంటికంటే ఒంటి పక్కన ఉండే, అదురును పసిగట్టే గీత మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అందుకని బాగా అదిరే ఎర కావాలి: గుండ్రటి రేకున్న స్పిన్నర్‌బెయిట్, ముందున్న రేకు టపటపలాడే చాటర్‌బెయిట్, గలగలలాడే నలుపు నీలం జిగ్. ఒకే మొద్దు పక్కన నాలుగైదు సార్లు వేయండి. మొదటిసారికి చేపకు ఎర ఎక్కడుందో తెలియకపోవచ్చు.

ఉరుములు వినిపిస్తే మాత్రం వెంటనే నీళ్ల మీది నుంచి వచ్చేయాలి. గ్రాఫైట్ రాడ్ (గాలం కర్ర) గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ దిగండి.

*నీటిమట్టం.* పెరుగుతుంటే చేప కొత్తగా మునిగిన పొదల్లోకి వెళ్తుంది, మీరూ అక్కడికే వెళ్లండి. తగ్గుతుంటే అది ముందే బయటపడుతుంది. లోతు మొదలయ్యే మొదటి వాలు దగ్గర వెతకండి. ఒడ్డున రాళ్ల మీద తడి చార కొత్తగా కనిపిస్తే నీళ్లు తగ్గుతున్నట్టు లెక్క.

*వాన వెలిసిన నిర్మలమైన రోజు.* ఆకాశం నీలంగా, గాలి పొడిగా మారితే చేప నీడకు ఇంకా దగ్గరగా నక్కుతుంది, ఎరను వెంటాడదు. ఎర చిన్నదిగా, లైన్ సన్నగా, లాగుడు నిదానంగా ఉండాలి. లోతులో డ్రాప్ షాట్ కట్టండి: గుండు అడుగున, కొక్కెం దానికి 12 నుంచి 18 అంగుళాల పైన. ఒడ్డు దగ్గరైతే నడుముకు కొక్కెం గుచ్చిన ప్లాస్టిక్ వానపామును బరువు లేకుండా దానంతట అదే మునగనివ్వండి.

*గాలి లేని మబ్బు రోజులు.* వేడి తగ్గకుండా మబ్బు మాత్రం రోజుల తరబడి కమ్మితే గడ్డి సరస్సులకు ప్రమాదం. మొక్కలకు వెలుతురు చాలదు, ఆక్సిజన్ బాగా పడిపోతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే గాలం వేయకండి, అవి ఊపిరి కోసం పాట్లు పడుతున్నాయి. నీటి మీద ఆకుపచ్చ పెయింటు పోసినట్టు తెట్టు కట్టినా అంతే. కొన్ని రకాల నాచు విషాన్ని వదులుతుంది. ఆ నీటిని తాకకండి, వెంట కుక్క ఉంటే దాన్నీ దిగనివ్వకండి.

5. చేప పడకపోతే ఏది ముందు మార్చాలి

చాలామంది ముందు రంగు మారుస్తారు. నా దృష్టిలో అది చివరి పని. ముందు లోతు మార్చండి, తర్వాత చోటు, తర్వాత ఎర లాగే వేగం, ఆ తర్వాత ఎర సైజు. లోతు తప్పితే మిగతావేవీ అక్కరకు రావు. రంగు విషయంలో తేట నీళ్లకు అక్కడి చిన్న చేపల రంగు, బురద నీళ్లకు నలుపు, అంతకు మించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

6. వేడి నీళ్లలో పట్టిన చేపను జాగ్రత్తగా వదలండి

ముందు స్థానిక నియమాలు చూసుకోండి. బాస్ బయటి నుంచి వచ్చి చేరిన కొన్ని ప్రాంతాల్లో దాన్ని తిరిగి నీళ్లలో వదలడమే చట్టవిరుద్ధం. వదలొచ్చు అన్న చోట ఆలస్యం చేయకండి. నీళ్లు 30 డిగ్రీలు దాటితే అలసిపోయిన చేప కోలుకోవడం కష్టం. బలమైన లైన్ వాడి త్వరగా లాగేయండి, చేతులు తడుపుకుని పట్టుకోండి, పెద్ద చేపనైతే కడుపు కింద రెండో చెయ్యి వేసి అడ్డంగా ఎత్తండి. ఫొటోకు కెమెరా సిద్ధంగా ఉన్నాకే చేపను నీళ్లలోంచి తీయండి.

30 అడుగుల లోతు నుంచి పైకి లాగిన చేపకు పొట్టలోని గాలితిత్తి ఉబ్బుతుంది, వదిలితే కిందికి దిగలేక పక్కకు ఒరిగి తేలిపోతుంది. వదిలేయాలన్న ఉద్దేశంతో పట్టేవాళ్లు వేసవిలో అంత లోతున వేయకపోవడమే మేలు. పడవలోని తొట్టిలో ఉంచాల్సి వస్తే గాలి పంపు ఆపకండి. ఐసు వేసి చల్లబరచవచ్చు, కానీ సరస్సు నీటికంటే 5 డిగ్రీల సెల్సియస్‌కు మించి తగ్గనివ్వకండి. కుళాయి నీటితో చేసిన ఐసులో క్లోరిన్ ఉండొచ్చు కాబట్టి దాన్ని సీసాలో మూతపెట్టి వేయండి.