కాల్సైట్ స్ఫటికంలో కాంతి రెండుగా చీలడాన్ని ఎలా గమనించాలి?

ఈ ప్రయోగానికి దాదాపు రెండు సెంటీమీటర్ల మందమున్న పారదర్శకమైన కాల్సైట్ ముక్క, తెల్ల కాగితం, సన్నని మొన గల పెన్ను, ఒక పోలరాయిడ్ ఫిల్టర్ (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పలక) ఉంటే చాలు. కాల్సైట్‌లో ఐస్‌లాండ్ స్పార్ అనే స్వచ్ఛమైన రకాన్నే ఎంచుకోవాలి. ఇది గోరు కన్నా కాస్త గట్టిగా ఉండే మెత్తని ఖనిజం కనుక, గరుకు గుడ్డతో రుద్దకుండా, ఆమ్లాలు తగలకుండా చూసుకోవాలి.

మొదట కాగితంపై అర మిల్లీమీటరుకు మించని నల్లని చుక్క పెట్టండి. స్ఫటికం చదునైన ముఖం కాగితానికి ఆనేలా దాన్ని చుక్కపై ఉంచి, ఒక కన్ను మూసి, నిట్టనిలువుగా పైనుంచి చూస్తే రెండు చుక్కలు కనిపిస్తాయి. వాటి మధ్య ఎడం స్ఫటికం మందంలో దాదాపు తొమ్మిదో వంతు మాత్రమే. చుక్క పెద్దదైతే రెండూ ఒకదానిపై ఒకటి పడి, చీలిక తెలియకుండా పోతుంది.

ఇప్పుడు కాగితాన్ని కదపకుండా స్ఫటికాన్ని మెల్లగా తిప్పండి. ఒక చుక్క ఉన్నచోటే నిలుస్తుంది, రెండోది దాని చుట్టూ తిరుగుతుంది. డెన్మార్క్ పండితుడు రాస్మస్ బార్తోలిన్ 1669లో వర్ణించిన వింత ఇదే. ముఖానికి లంబంగా వచ్చిన కిరణం వంగకూడదన్న మామూలు నియమాన్ని పాటించేది సాధారణ కిరణం. ఆ లంబ మార్గంలోనూ సుమారు 6 డిగ్రీలు పక్కకు జరిగేది అసాధారణ కిరణం. కాల్సైట్‌లో కార్బొనేట్ సముదాయాలన్నీ (కార్బన్, ఆక్సిజన్ పరమాణువుల గుంపులు) సమాంతర తలాల్లో అమరి ఉండటం వల్ల, కాంతి కంపించే దిశను బట్టి దాని వేగం మారుతుంది. అందుకే పసుపు కాంతికి ఒక వక్రీభవన గుణకం (పదార్థంలో కాంతి ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) 1.658 అయితే మరొకటి 1.486 వరకు తగ్గుతుంది.

అసలు చూడవలసింది తరువాతి దశ. స్ఫటికంపై పోలరాయిడ్ ఫిల్టర్‌ను పట్టుకుని నెమ్మదిగా తిప్పితే ఒక చుక్క క్రమంగా మాయమవుతుంది, మరో 90 డిగ్రీలు తిప్పితే అది తిరిగి వచ్చి రెండోది మాయమవుతుంది. రెండు కిరణాలూ ఒకదానికొకటి లంబ దిశల్లో ధ్రువణం చెందాయనడానికి, అంటే ఒక్కోటి ఒకే దిశలో కంపిస్తోందనడానికి, ఇంతకన్నా స్పష్టమైన రుజువు అక్కరలేదు. ఈ దశలో చుక్కల నలుపును కూడా జాగ్రత్తగా గమనించండి: ఫిల్టర్ లేనప్పుడు ఒక్కో చుక్క స్థానంలోకి రెండో కిరణపు తెల్లని వెలుగు చేరుతుంది కనుక రెండూ బూడిద రంగులో ఉంటాయి, ఒక కిరణాన్ని పూర్తిగా అడ్డగించినప్పుడు మాత్రం మిగిలిన చుక్క చిక్కని నలుపుకు తిరుగుతుంది.

సమాన మందమున్న మరో ముక్క దొరికితే దాన్ని మొదటి దానిపై ఉంచి తిప్పండి. చాలా స్థానాల్లో నాలుగు చుక్కలు కనిపిస్తాయి. రెండు స్ఫటికాల అంచులూ ఒకే దిశలో ఉంటే ఎడం రెట్టింపై రెండు చుక్కలే మిగులుతాయి, పై ముక్కను అక్కడి నుంచి 180 డిగ్రీలు తిప్పితే చీలిన కాంతి మళ్లీ కలిసి ఒకే చుక్కగా కనిపిస్తుంది.