రెండు వేల బడ్జెట్‌లో ఐఈఎం: కొనే ముందు ఎలా పోల్చుకోవాలి

"రెండు వేలలో మంచి ఐఈఎం ఒకటి చెప్పన్నా" అని అడిగి చూడండి, పది మంది పది పేర్లు చెప్తారు, ప్రతివాళ్లూ తాము కొన్నదే బెస్ట్ అంటారు. (ఐఈఎం అంటే ఇన్-ఇయర్ మానిటర్, చెవి రంధ్రంలోకి దూర్చి పెట్టుకునే వైర్ ఇయర్‌ఫోన్.) తమాషా ఏంటంటే వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ఇప్పుడు ఈ రేటులో మరీ చెత్త ఐఈఎం దొరకడమే కష్టం. ఉన్న తేడా అంతా ట్యూనింగ్‌లో (ఏ శబ్దం ఎంత వినిపించాలో సర్దిన తీరులో), అది మీ చెవికి కూర్చునే తీరులో. అందుకే పేర్లకంటే ముందు పోల్చే పద్ధతి చెప్తా, పేర్లు తర్వాత వస్తాయి.

బ్లూటూత్ బడ్స్ ఉండగా మళ్లీ ఈ వైర్లెందుకు అనేవాళ్లకి ఒక్క మాట. బడ్స్‌లో మీ రెండు వేలు బ్యాటరీకి, చిప్‌కి, మైక్‌కి, కేస్‌కి పంపకమైపోతాయి. వైర్ ఐఈఎంలో దాదాపు అంతా సౌండ్‌కే పోతుంది, పైగా గేమ్ ఆడేటప్పుడు తుపాకీ పేలిన సౌండ్ లేట్‌గా వినపడటం ఉండదు. ఫోన్ కాల్సే ముఖ్యం అంటే మాత్రం బడ్సే కొనుక్కోండి, ఇక్కడితో ఆపేయొచ్చు.

మొదట చూడాల్సింది సౌండ్ కాదు, టిప్, అంటే చెవిలోకి వెళ్లే చివరన ఉండే మెత్తటి తొడుగు. చెవి రంధ్రం గాలి చొరకుండా మూసుకోకపోతే బేస్ మొత్తం బయటికి పోతుంది, అప్పుడు ఎంత గొప్ప ఐఈఎం అయినా పాత ట్రాన్సిస్టర్‌లా పీలగా మోగుతుంది. "బేస్ లేదు, వాపస్ ఇచ్చేశా" అనే రివ్యూలు చదివినప్పుడల్లా నాకు ముందు ఈ అనుమానమే వస్తుంది. పెట్టుకోవడానికి కూడా ఒక తీరు ఉంది: వైర్‌ని చెవి మీదుగా వెనక్కి తిప్పి, రెండో చేత్తో చెవిని కొంచెం పైకి, వెనక్కి లాగి, ఐఈఎంని మెల్లగా తిప్పుతూ లోపలికి నెట్టి, అప్పుడు చెవి వదిలేయాలి. తర్వాత 40 హెర్ట్జ్ టోన్ (బాగా లోతైన బేస్ శబ్దం) ఒకటి ప్లే చేసి, ఐఈఎంని వేలితో కాస్త నొక్కండి. నొక్కగానే బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే సీల్ సరిగ్గా లేదన్నమాట, టిప్ సైజు మార్చాలి. కుడి చెవికి మీడియం, ఎడమ చెవికి లార్జ్ పట్టేవాళ్లు చాలామంది ఉంటారు, అదేం జబ్బు కాదు. రెండు ఐఈఎంలు పోల్చేటప్పుడు, నాజిల్ (టిప్ తొడిగే గొట్టం) సైజులు కలిస్తే, రెండింటికీ ఒకటే టిప్స్ పెట్టండి. లేకపోతే మీరు పోల్చేది టిప్స్‌ని, ఐఈఎంలని కాదు.

రెండోది వాల్యూమ్. అందరూ బోల్తా పడేది ఇక్కడే. రెండింట్లో ఏది కాస్త గట్టిగా మోగితే అదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది, ఒకటి రెండు డెసిబెల్స్ తేడా చాలు. ఆ తేడా మనకి "సౌండ్ పెరిగింది" అని తెలియదు, "క్లారిటీ ఉంది, డీటెయిల్ ఉంది" అనే తెలుస్తుంది. ఒకే వాల్యూమ్ మెట్టు మీద పెట్టి రెండు ఐఈఎంలు పోల్చడం అంటే కాకి లెక్కే, ఎందుకంటే రెండింటి సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందనేది) వేరు. దీనికి ఇంట్లోనే ఒక నాటు పద్ధతి ఉంది. 1000 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, ఐఈఎం టిప్‌ని ఇంకో ఫోన్ మైక్ రంధ్రానికి ఆనించి, ఆ ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరిచి నంబర్ చూడండి. ఆ నంబర్ నిజమైన డెసిబెల్ కాదు, దాన్ని పట్టించుకోవద్దు, మనకి కావాల్సింది రెండో ఐఈఎంకి కూడా అదే నంబర్ రావడం. ఆనించే తీరు మారితే నంబర్ మారిపోతుంది కాబట్టి రెండు మూడు సార్లు పెట్టి తీసి చూడాలి. ఇంకో చిక్కు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్‌కి 15 మెట్లే ఉంటాయి, మెట్టుకీ మెట్టుకీ మధ్య తేడా ఎక్కువ. అందుకే ప్లేయర్ యాప్‌లో ప్రీయాంప్ (సౌండ్‌ని కొంచెం కొంచెంగా పెంచి తగ్గించే సెట్టింగ్) లాంటిది ఉంటే దాంతో సర్దుకోండి. అదీ లేకపోతే కనీసం పాడేవాళ్ల గొంతు రెండింట్లో సమానంగా వినిపించేలా చెవితోనే సరిపెట్టుకోండి, సగం న్యాయం జరుగుతుంది.

ఇక ఏ పాటలు పెట్టి వినాలి? రివ్యూల్లో చెప్పే ఇంగ్లీషు జాజ్ పాటలు మనం రోజూ వినం కదా, వాటితో టెస్ట్ చేసి ఏం లాభం. మీకు కంఠతా వచ్చిన మూడు నాలుగు పాటలు చాలు, కానీ ఒక్కోటి ఒక్కో పనికి ఎంచుకోండి. బేస్‌కి మన తీన్మార్‌ని మించింది లేదు. డప్పు దెబ్బ పడి వెంటనే ఆగాలి, మోగుతూ సాగిపోయి గొంతు మీద దుప్పటి కప్పకూడదు. అలా కప్పేస్తే 100-250 హెర్ట్జ్ ప్రాంతం ఉబ్బిందన్నమాట. కొన్ని ఐఈఎంలలో దీనికి రివర్స్, లోతైన బేస్ బాగానే ఉంటుంది కానీ డప్పుకి బరువు ఉండదు, అట్ట మీద కొట్టినట్టు ఉంటుంది. మృదంగం ఇంకా మంచి పరీక్ష: కుడి చేతి వైపు ఖణ్‌మని మోగే నాదం, ఎడమ వైపు గుమ్మనే నాదం, రెండూ ఒకే వాయిద్యంలో ఉన్నాయి. తనియావర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) ఉన్న కచేరీ రికార్డింగ్ ఒకటి పెట్టి, ఆ రెండూ విడివిడిగా, ఒకటి ఇంకోదాన్ని మింగకుండా వినిపిస్తున్నాయా లేదా చూడండి. నాదస్వరం పెడితే 2 నుంచి 4 వేల హెర్ట్జ్ మధ్య అతి చేసిన ఐఈఎం ఇట్టే దొరికిపోతుంది, అర నిమిషంలో తీసి పక్కన పెట్టాలనిపిస్తుంది. ట్రెబుల్‌కి (సన్నటి, పదునైన శబ్దాలకి) ఆడ గొంతు పాట, స, శ, ష బాగా పడే చరణం. ఆ అక్షరాల దగ్గర సూదితో గుచ్చినట్టు ఉంటే 5 నుంచి 8 వేల హెర్ట్జ్ మధ్య ఎక్కడో పోటు ఉన్నట్టు.

మీరు ఎక్కువగా వినేది ఘంటసాల కాలం పాటలైతే ఇంకో సంగతి. ఆ రికార్డింగుల్లో సహజంగానే హిస్ (బుస్సుమనే సన్నటి రొద) ఉంటుంది, ట్రెబుల్ ఎక్కువున్న ఐఈఎం ఆ హిస్‌ని ముందుకు తెచ్చి కూర్చోబెడుతుంది. రివ్యూలో "డీటెయిల్ అదుర్స్" అని చదివి కొన్నది మీకు నరకంలా తయారవ్వచ్చు. దాన్లో రివ్యూ రాసినవాళ్ల తప్పేం లేదు.

వినే పద్ధతి కూడా రెండు రకాలుగా ఉండాలి. ఒకటి, ఒకే పాటలో ఒకే చరణాన్ని వెంట వెంటనే మార్చి మార్చి వినడం. దీంతో తేడాలు తెలుస్తాయి. రెండోది, ఒక్కదాన్నే కొన్ని రోజులు వాడటం, దీంతో నచ్చుతుందో లేదో తెలుస్తుంది. మార్చి మార్చి విన్నప్పుడు మెరుపులు ఉన్నదే గెలుస్తుంది, గంటసేపు పెట్టుకుంటే అదే తలనొప్పి తెస్తుంది. రెండు పరీక్షల్లో సమాధానం వేరుగా వస్తే నేనైతే రెండోదాన్నే నమ్ముతా.

గ్రాఫుల గురించి కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు అందరూ స్క్విగ్‌లింక్ (ఐఈఎంల గ్రాఫులు పెట్టే వెబ్‌సైట్) తెరిచి, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత సౌండ్ వస్తుందో చూపే గీతలు చూసి తీర్పులు ఇచ్చేస్తున్నారు. గ్రాఫ్ పనికొస్తుంది, కాదనను. అది ఏరివేతకి. వినకుండానే "ఇది బేస్ ఎక్కువ, ఇది గొంతు ముందుకొచ్చే రకం" అని తెలుసుకుని ఇరవైలో పదిహేడు కొట్టేయొచ్చు. హార్మన్ అనే ఆడియో కంపెనీలో షాన్ ఓలివ్ బృందం చాలామందికి వినిపించి, ఎక్కువమందికి నచ్చిన సౌండ్ ఎలా ఉంటుందో ఒక టార్గెట్ గీసింది, ఈ రేటులో వచ్చే చాలా ఐఈఎంలు ఆ గీత చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఒకరి పరికరంలో తీసిన గ్రాఫ్‌ని ఇంకొకరి గ్రాఫ్‌తో పోల్చకండి. రెండు, 8 వేల హెర్ట్జ్ దగ్గర కనిపించే శిఖరం చాలాసార్లు కొలిచే పరికరంలోని రెజొనెన్స్ (లోపలి గాలి మార్మోగడం) వల్ల వచ్చేది, ఐఈఎంని ఎంత లోపలికి పెట్టారో దాన్ని బట్టి ఆ శిఖరం అటూ ఇటూ జరుగుతుంది కూడా. ఆ పైన ఉన్న గీతని చూసి టెన్షన్ పడటం అనవసరం.

డ్రైవర్ల (లోపల సౌండ్ పుట్టించే బుల్లి స్పీకర్ల) లెక్క అయితే అసలు చూడకండి. ఒక్క మంచి 10 మిల్లీమీటర్ల డైనమిక్ (మామూలు స్పీకర్ లాంటి) డ్రైవర్ ఉన్నది, సరిగ్గా కలపని నాలుగైదు డ్రైవర్లున్న దానికంటే హాయిగా ఉంటుంది.

సరే, పేర్లు. రెండు వేలు అటూ ఇటూలో మొదట చూడాల్సినవి నా లెక్కలో మూడు: మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్‌హెర్ట్జ్ జీరో 2, టాంగ్జు వానర్. విడుదలైనప్పుడు మొదటిది దాదాపు 19 డాలర్లు, రెండోది 25, మూడోది 20. మూడింట్లోనూ ఒక్కో డైనమిక్ డ్రైవరే, మూడింటికీ కేబుల్ ఊడి వస్తుంది. జీరో 2 లో బేస్ నిండుగా, ట్రెబుల్ మర్యాదగా ఉంటుంది, సినిమా పాటలు, గేమ్స్, వెబ్ సిరీస్‌లు అన్నీ కలిపి ఒకటే కావాలంటే కళ్లు మూసుకుని ఇదే చెప్తా. చూ 2 కొంచెం చురుకైన సౌండ్, వీణ తీగలు, తాళాలు మెరుస్తాయి, ఒంటికి మెటల్ బాడీ, ముట్టుకుంటే రేటు కంటే ఖరీదైనదిలా ఉంటుంది, నాజిల్ ఫిల్టర్ మార్చుకోవచ్చు. వానర్ మెత్తటి రకం, గొంతులకి బాగుంటుంది, పాత పాటల బ్యాచ్‌కి ఇది. కేజెడ్ కంపెనీ వాళ్లవి ఇంకా తక్కువకే దొరుకుతాయి, బేస్ దంచాలి అంటే తీసుకోండి, అన్ని మోడల్స్ గుర్తుపెట్టుకోవడం మాత్రం ఎవరి వల్లా కాదు.

ఇంకాస్త పైకెళ్తే సిమ్‌గాట్ ఈడబ్ల్యూ200 ఉంది, 40 డాలర్ల రకం. అది గలగలా మాట్లాడే సౌండ్, డీటెయిల్ బాగా తీస్తుంది కానీ నాదస్వరం పరీక్షలో కొందరి చెవులు చేతులెత్తేస్తాయి. ట్రూథియర్ జీరో రెడ్ 55 డాలర్లతో వచ్చింది, రెండు డైనమిక్ డ్రైవర్లు, గొంతు చాలా శుభ్రంగా ఉంటుంది, డప్పు మాత్రం పలచన. దాంతోపాటే ఒక 10 ఓమ్స్ అడాప్టర్ ఇస్తారు, మధ్యలో తగిలిస్తే బేస్ పెరుగుతుంది. దాని నాజిల్ లావు, చిన్న చెవుల వాళ్లు పెట్టుకుని చూడకుండా కొనొద్దు. రెండు వేల దానికీ ఐదు వేల దానికీ తేడా ఉందా అంటే ఉంది, రెండున్నర రెట్లు మాత్రం లేదు. ఇప్పుడు ఫోన్‌తో పాటు వచ్చిన ఇయర్‌ఫోన్స్ వాడుతున్నవాళ్లకి రెండు వేల దగ్గర కనిపించే మార్పు తర్వాత ఏ మెట్టులోనూ అంత కనిపించదు.

సెన్సిటివిటీ నంబర్లు పోల్చేటప్పుడు యూనిట్ చూసుకోండి. కొందరు మిల్లీవాట్‌కి ఇన్ని డెసిబెల్స్ అని వేస్తారు, కొందరు వోల్ట్‌కి అని వేస్తారు. 32 ఓమ్స్ ఐఈఎంకి మిల్లీవాట్ లెక్కలో 104 అంటే వోల్ట్ లెక్కలో దాదాపు 119. రెండూ ఒకటే, డబ్బా మీద మాత్రం 119 ఘనంగా కనిపిస్తుంది.

ఫోన్‌కి 3.5 ఎంఎం జాక్ లేకపోతే డాంగిల్ (టైప్-సీకి తగిలించే జాక్ అడాప్టర్) ఖర్చు కూడా బడ్జెట్‌లో కలుపుకోండి. కోఠి గుజరాతీ గల్లీలోనో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో టైప్-సీ అడాప్టర్ అడిగితే ముందు "లోపల డాక్ ఉందా?" అని అడగండి. డాక్ అంటే ఫోన్ నుంచి వచ్చే డిజిటల్ సిగ్నల్‌ని ఐఈఎంకి కావాల్సిన అనలాగ్‌గా మార్చే చిప్, అది లేని ఉత్త వైర్ అడాప్టర్ చాలా ఫోన్లలో అసలు పనిచేయదు, మీ ఫోన్ తీసుకెళ్లి అక్కడే పెట్టి చూసి డబ్బులివ్వండి. ఆపిల్ డాంగిల్ మంచిదే కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాన్నుంచి సౌండ్ తక్కువ వస్తుంది, అది ఐఈఎం తప్పనుకుని వాపస్ ఇవ్వకండి.

ఎక్కడ వింటారో అక్కడే పోల్చాలి, ఇది చాలామంది వదిలేసే ముక్క. రాత్రి గదిలో ఫ్యాన్ కూడా ఆపేసి వింటే జీరో రెడ్ గెలుస్తుంది, పొద్దున అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా నిలబడి వెళ్లేటప్పుడు ఆ ట్రైన్ రొద కింది బేస్‌ని మింగేస్తుంది, అప్పుడు బేస్ కాస్త ఎక్కువున్న జీరో 2 నే సమంగా వినిపిస్తుంది. రొదని కొట్టడానికి వాల్యూమ్ పెంచడం కంటే ఫోమ్ టిప్స్ వేసుకోవడం మంచిది. వారానికి 40 గంటలు వినేవాళ్లకి 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బండి మీద వెళ్లేటప్పుడు మాత్రం జేబులో పెట్టేయండి, సీల్ బాగా కూర్చున్న ఐఈఎంలో వెనకొచ్చే ఆర్టీసీ బస్సు హారన్ వినిపించదు.

కొనేటప్పుడు: చైనా షాపింగ్ యాప్ అలీఎక్స్‌ప్రెస్‌ని 2020 నవంబర్‌లో మన దేశంలో నిషేధించారు, కాబట్టి ఇక్కడి అమ్మకందారుల దగ్గర వారంటీతో కొనడమే సుఖం. విదేశీ సైట్ నుంచి తెప్పిస్తే కస్టమ్స్ కలిపి రేటు లెక్కేసుకోండి, పాడైతే తిరిగి పంపడం పెద్ద తలనొప్పి. మైక్ ఉన్న కేబుల్, లేని కేబుల్ రెండూ అమ్ముతారు, ఆర్డర్ పెట్టేముందు ఏది టిక్ అయిందో చూసుకోండి. డబ్బా రాగానే విప్పుతూ వీడియో తీయండి. మోనో రికార్డింగ్ (రెండు చెవుల్లోనూ ఒకటే సౌండ్) ఉన్న పాత పాట ఒకటి పెడితే గొంతు సరిగ్గా నుదుటి మధ్యలో వినిపించాలి. ఒక పక్కకి లాగుతుంటే ముందు టిప్స్ సరిచేయండి, అయినా లాగుతుంటే కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చి పెట్టి చూడండి. గొంతు కూడా అటు నుంచి ఇటు మారిందంటే లోపం ఐఈఎంలోనో కేబుల్‌లోనో, లేదా మీ ఫోన్‌లోనో ఉన్నట్టు. మారకుండా అటే ఉంటే అది మీ చెవి సంగతి. లోపం మీ చెవిది కాదని తేలితే కేబుల్ పిన్నులు కూడా అటూ ఇటూ మార్చి, ఇంకో ఫోన్‌లో కూడా పెట్టి చూసి, రిటర్న్ గడువు అయిపోకముందే పంపించేయండి.