ఎయిర్ పిస్టల్ మొదలుపెడ్తున్నరా? పైసలు ఎక్కడ పెట్టాలె, ఎక్కడ ఆగాలె

2024ల పారిస్‌ల మనూ భాకర్ రెండు కాంస్యాలు తెచ్చినప్పటి సంది, అంతకు ముందు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్ల మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ మెడల్స్ కొట్టినప్పటి సంది, హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ దిక్కు పిల్లలు ఒకటే అడుగుతున్నరు, అన్నా ఏ పిస్టల్ కొనాలె అని. కొందరైతే అమెరికా వాళ్ల వీడియోలు చూసి, తూటాలు ఇంట్లనే నింపుకునే ప్రెస్సులు, డైలు ఎక్కడ దొరుకుతయ్ అని కూడా అడుగుతున్నరు. ముందు ఆ ముచ్చట తేల్చేద్దాం. అక్కడ పోటీలు ఆడేటోళ్లు కాల్చిన తూటాల ఖాళీ ఖోళ్లల్ల, అంటే కేసులల్ల, మళ్లా మందు నింపుకుంటరు, అది వాళ్ల చట్టం. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండ తూటా తయారుచేసుడే నేరం, ఒక్కసారి పోలీస్ కేసయిందంటె ఆట సంగతి మర్చిపోవుడే. పైగా 25 మీటర్ల పిస్టల్‌ల ఎక్కువ నడిచేది పాయింట్ టూ టూ రిమ్‌ఫైర్ (అడుగు అంచు మీద కొడితె పేలే) తూటా, దాని ఖాళీ కేసు మళ్ల నింపనీకి పనికే రాదు. కాబట్టి మనం మొదలుపెట్టాల్సింది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్లు దాటని శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు, మ్యాచ్ పిస్టళ్లు ఆ లిమిట్‌కు చానా కిందనే ఉంటయ్. డీలర్ ఐడీ, అడ్రస్ ప్రూఫ్ అడుగుతడు, ఇయ్యండి, బిల్లు మాత్రం పారేయకండి.

ఇగ అసలు విషయం. పిస్టల్ పేరు ఆఖరికి చూడాల్సిన సంగతి. మీ చేతికి అచ్చంగా కూసునే గ్రిప్ (పిడి), రోజూ ఒకే తీరుగ తెగే, అంటే గుంజితె షాట్ వదిలే ట్రిగ్గర్, ఈ రెండింటికి పైసలు పెట్టండి, మిగతావన్ని ఆగుతయ్. ఎందుకో చిన్న లెక్క చెప్త. టార్గెట్‌ల పది రింగు అడ్డం 11.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ల పెట్టే సీసం గుండు) 4.5, గీతకు ఆనినా పదే ఇస్తరు, అంటే పెల్లెట్ నడుమ భాగం సెంటర్ నుంచి 8 మిల్లీమీటర్ల లోపల పడితె పది. మంచిగనే అనిపిస్తది కదా. కానీ పిస్టల్ మీద గురి చూసే ముందు సైట్‌కు వెనక సైట్‌కు మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు, ఆ రెండింటి లైను పావు మిల్లీమీటర్ జరిగిందంటె 10 మీటర్ల అవతల 8 మిల్లీమీటర్లు దాదాపు అయిపోయినట్టే. వేలు ట్రిగ్గర్ గుంజే టైంల మణికట్టు ఆ పావు మిల్లీమీటర్ కదలకుండ ఉండాలె, అదీ ఒంటి చేత్తోని, 75 నిమిషాలల్ల 60 షాట్లు. ఈ కదలికను ఏ ఖరీదైన బ్యారెలూ ఆపది, గ్రిప్, ట్రిగ్గరే ఆపాలె.

గ్రిప్ ఎట్ల చూడాలంటె, పిస్టల్ ఖాళీగ ఉందని రెండుసార్లు చూస్కొని, గోడ దిక్కు నిలబడి, చేతిల పట్టుకొని కండ్లు మూసుకోండి. మామూలుగ ఎట్ల లేపుతరో అట్ల లేపి, ఊపిరి సగం వదిలి, కండ్లు తెరవండి. ముందు సైట్ వెనక సైట్ గాడి మధ్యల ఉందా? ప్రతిసారి ఎడమకో కుడికో పోయి కనబడ్తుందంటె గ్రిప్ మీ చేతిది కాదన్నట్టు, మీరు ప్రతి షాట్‌కు మణికట్టుతోని దాన్ని సరిచేస్తున్నరన్నట్టు, నలభయ్యో షాట్‌కు ఆ మణికట్టు అలిసిపోతది, స్కోరు అక్కడ్నే పడిపోతది. గ్రిప్పులు స్మాల్, మీడియం, లార్జ్ అని వస్తయ్, కుడి ఎడమ వేర్వేరు, మన పిల్లలకు చానామందికి స్మాలో మీడియమో సరిపోతది. అరచేతి కింద ఉండే మెట్టు ఎక్కువ బిగిస్తె వేళ్లు తిమ్మిరెక్కుతయ్, లూజుంటె పిస్టల్ కిందికి దిగుతది. సందులుంటె ఎం-సీల్ పెట్టి ఆకారం తెచ్చుకొని, ఎండినంక ఆకురాయితోని రుద్దుకోవచ్చు, ఎక్కువైన చెక్కను మీ వాడకట్టు వడ్లాయన దగ్గర సన్నగ గీకించుకోవచ్చు. ఒకేసారి ఎక్కువ తీయకండి, ఇంత గీకి వారం కొట్టి చూసి మళ్ల గీకండి. రూల్ ఒక్కటి యాదుంచుకోండి, గ్రిప్ మణికట్టుకు సపోర్ట్ ఇచ్చేటట్టు ఉండొద్దు, మణికట్టు పూర్తిగ ఫ్రీగ ఉండాలె. ఇంకోటి, మొత్తం పిస్టల్ 420 ఇంటు 200 ఇంటు 50 మిల్లీమీటర్ల పెట్టెల పట్టాలె, గ్రిప్ మీద ఎక్కువ మసాలా పెట్టినోళ్లు మ్యాచ్ ముందు సామాన్లు చెక్ చేసే కంట్రోల్ టేబుల్ దగ్గర ఇరుక్కునేది అక్కడ్నే.

ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు, అంతకంటె తక్కువుంటె మ్యాచ్ కొట్టనియ్యరు. బ్యారెల్ నిలువుగ పైకి పెట్టి, ట్రిగ్గర్‌కు 500 గ్రాముల బరువు తగిలించి లేపుతరు, తెగకుండ లేవాలె. ఆ బరువు కొనకపోయినా నడుస్తది, ఒక హుక్కు, ఇనుప ముక్క కట్టి బంగారం షాపుల కాంటా మీద హుక్కుతో సహా సరిగ్గ 500 చేయించుకోండి, మా దిక్కు ఆ కాంటాలను నమ్మొచ్చు. సెట్టింగ్ అంచు మీద పెట్టుకోకుండ 510, 520 దగ్గర ఉంచితె గుండె నిమ్మళంగ ఉంటది. ఇందుల మొదటి గుంజుడుల ఎక్కువ బరువు, రెండో దాంట్ల కొంచెం మిగిలేటట్టు పెట్టుకుంటె వేలికి ఎక్కడ ఆగాల్నో తెలుస్తది.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా మెకానికలా అని మస్తు చర్చ నడుస్తది. ఎలక్ట్రానిక్‌ది చానా శుభ్రంగ తెగుతది, డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండ ఉత్తగ ట్రిగ్గర్ గుంజుడు) సులువు, కొట్టి కొట్టి మెత్తబడే పార్టులు తక్కువ. కానీ టోక్యో ఒలింపిక్స్‌ల క్వాలిఫికేషన్ నడుమ మనూ భాకర్ పిస్టల్ మొరాయించి నిమిషాలు ఎట్ల పోయినయో అందరం చూసినం, అంత పెద్ద టీం వెంబడి ఉండంగనే అట్లయింది. వరంగల్‌ల కూసోని సర్క్యూట్ పోతె బాగు చేసేటాయన దొరకడు, పార్సెల్ చేసి వారాలు ఎదురుచూడాలె. అందుకే మొదటి పిస్టల్ మెకానికల్‌దే తీస్కోండి అంట, ఇది నా మాట, వేరే కోచ్ వేరే చెప్పొచ్చు.

కొత్తగ చూస్తె స్టేయర్, మొరీనీ, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, పార్దీని, ఇవే మ్యాచ్‌ల కనబడే పేర్లు, అన్నీ మంచియే, అన్నీ లక్ష పైన మాటే. అంత పెట్టలేనోళ్లు హామెర్లీ ఏపీ20 లాంటిది చూడొచ్చు. ప్రతి షాట్‌కు ఒక్కసారి లివర్ గుంజి గాలి నింపే సింగిల్ స్ట్రోక్ పిస్టళ్లు, పాత రష్యా ఇజ్ 46 ఎం అసొంటివి, మిగతా పిస్టళ్లకు ఉండే గాలి సిలిండర్ బాధ లేకుండ నేర్చుకోనీకి బాగుంటయ్, కాకపోతె 60 సార్లు ఆ లివర్ గుంజేసరికి చెయ్యి వణుకుతది, చిన్న పిల్లలకు కష్టం. ఆన్‌లైన్‌ల అసలు తుపాకీ లెక్క కనబడే స్టీల్ బాల్ పిస్టళ్ల జోలికి అస్సలు పోకండి, మేడారం జాతరల బెలూన్లు కొట్టనీకి తప్ప దేనికీ రావు, పోలీసులు చూస్తె వేరే తలకాయ నొప్పి.

మా దిక్కు నుంచి ఎక్కువమంది కొనేది సెకండ్ హ్యాండే, తప్పు లేదు. కానీ అడగాల్సింది పిస్టల్ వయసు కంటె సిలిండర్ తేదీ. ఎయిర్ సిలిండర్ మీద తయారీ తేదీ కొట్టి ఉంటది, కంపెనీలు పదేండ్లే ఇస్తయ్, అది దాటితె మ్యాచ్‌ల ఒప్పుకోరు, కొత్త సిలిండర్ ఖర్చు మీద పడ్తది. అమ్మేటాయన తేదీ ఫోటో పంపకుండ పిస్టల్ తళతళ ఫోటోలు మాత్రమే పంపుతున్నడంటె ఆగండి. చేతికి వచ్చినంక సిలిండర్ పెట్టి గేజ్ ఎంతుందో రాసుకొని రాత్రంత వదిలేయండి, పొద్దుగాల ముల్లు దిగిందంటె సీల్ పోయినట్టు, చిన్న రిపేరే కానీ ధర తగ్గించమని అడగొచ్చు. డ్రై ఫైర్ చేసి ట్రిగ్గర్ ఇరవై ముప్ఫై సార్లు గుంజండి, ఒక్కటన్న వేరే తీరుగ తెగిందంటె తీస్కోకండి. గీతలు, రంగు పోవుడు పట్టించుకోవద్దు.

గాలి సంగతి మన ఊర్లల్ల నిజంగ పెద్ద సమస్య. సిలిండర్‌ల 200 బార్ (బార్ అంటే గాలి ప్రెషర్ కొలత) నింపాలె, పంచర్ షాపు కంప్రెసర్ పదీ పన్నెండు బార్ దగ్గర్నే ఆగిపోతది. దారులు రెండే, ఇంట్ల హై ప్రెషర్ హ్యాండ్ పంపు, లేకుంటె హైదరాబాద్‌ల నింపించుకొచ్చిన పెద్ద స్కూబా సిలిండర్. ఒక్కరికైతె హ్యాండ్ పంపు చాలు, సిలిండర్‌ల గాలి పూర్తిగ కిందికి దిగకముందే రోజూ కొంచెం కొంచెం కొట్టుకోండి. తేమ పట్టే ఫిల్టర్ ఉన్నదే కొనండి, వానకాలం మన గాలిల నీళ్లే ఉంటయ్, అవి లోపలికి పోయి గాలి ప్రెషర్‌ను సమంగ ఉంచే రెగ్యులేటర్‌ను తింటయ్. పంపు వేడెక్కితె ఆపి చల్లార్చండి. నలుగురైదుగురు కలిసి ప్రాక్టీస్ చేస్తె స్కూబా సిలిండర్ పంచుకునుడు లాభం, దాని హైడ్రో టెస్ట్ (నీళ్ల ప్రెషర్‌తోని చేసే గట్టితనం పరీక్ష) తేదీ కూడా చూస్కోండి.

ఇది మాత్రం ఇంకా గట్టిగ చెప్పాలె, వెల్డింగ్ షాపుల ఆక్సిజన్ ఉంది కదా అని దాంతోని నింపకండి. లోపల గ్రీజు, నూనె తగిలితె ఆక్సిజన్ ఆ ప్రెషర్‌ల పేలుతది, ప్రాణం పోతది. మామూలు మిషన్ నూనె కూడా సీళ్లకు రాయొద్దు, సిలికాన్ గ్రీజే. ఇగ మే నెలల కారు డిక్కీల పిస్టల్ పెట్టి పోకండి. 25 డిగ్రీల దగ్గర 200 బార్ నింపిన సిలిండర్ 60 డిగ్రీలకు పోతె లెక్క ప్రకారం 223 బార్ అయితది, ఎండకాలం మన దగ్గర బంద్ చేసిన కారుల ఆ వేడి వస్తది. ఎండకాలం కొంచెం తక్కువే నింపుకోండి.

పెల్లెట్ల మీద కొత్తోళ్లు అవసరం కంటె ఎక్కువ ఆలోచిస్తరు. మూతి చదునుగ ఉండే వాడ్‌కట్టరే కావాలె, అదే కాయితంల గుండ్రంగ బొక్క చేస్తది. పిస్టల్‌కు 7 గ్రెయిన్లు, అంటే 0.45 గ్రాములవి మామూలు, 8.2 గ్రెయిన్లవి రైఫిల్ వాళ్లవి. ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్, జేఎస్‌బీ, కియాంగ్ యువాన్, వీటిల్ల ప్రాక్టీస్‌వి, మ్యాచ్‌వి వేరువేరు ధరలు. స్కోరు 600కు 550 దాటేదాక ప్రాక్టీస్ డబ్బాలే చాలు. దాటినంక హెడ్ సైజులు (పెల్లెట్ తలకాయ అడ్డం కొలత మిల్లీమీటర్లల్ల) 4.49, 4.50 అసొంటివి, రెండు మూడు రకాలు తెచ్చి, పిస్టల్‌ను మెత్తటి గుడ్డ చుట్టి వైస్‌ల బిగించి ఒక్కో రకం పది షాట్లు ఒకే చోట కొట్టి చూడండి, చిన్న గుంపు వచ్చిన డబ్బా మీద ఉన్న బ్యాచ్ నంబర్ రాసుకొని అదే బ్యాచ్ తెచ్చుకోండి. డబ్బా ఊపకండి, సీసం మెత్తగుంటది, పెల్లెట్ వెనక పల్చటి అంచు, అదే స్కర్ట్, వంగిపోతది. కొట్టినంక సబ్బుతోని చేతులు కడుక్కోకుండ అన్నం ముట్టకండి, ఇంట్ల చిన్న పిల్లలుంటె ఇంకా జాగ్రత్త.

ఇంట్ల ప్రాక్టీస్‌కు టార్గెట్ సెంటర్ నేల నుంచి 1.40 మీటర్లు, గీత నుంచి 10 మీటర్లు టేపుతోని కొలిచి పెట్టుకోండి, మీద లైట్ గట్టిగ ఉండాలె, రూల్ 1500 లక్స్ (వెలుతురు కొలత) అడుగుతది. వెనక ఇనుప పెల్లెట్ ట్రాప్, దాని వెనక గోడ, పక్కల తలుపు ఉండొద్దు. డాబా మీద పిట్టగోడను నమ్ముకొని కొట్టకండి, పక్కింటోళ్లు బట్టలు ఆరేయనీకి వస్తరు. పది మీటర్ల జాగ లేకుంటె రంది పడకండి, తెల్ల గోడకు నిలబడి డ్రై ఫైర్ రోజు అరగంట చేస్తె పెల్లెట్లు కొట్టినంత లాభం, నన్నడిగితె ఎక్కువ. నెలకోసారన్న గచ్చిబౌలిల ప్రభుత్వ షూటింగ్ రేంజ్‌కు పోయి ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద కొట్టి చూస్కోండి, పొద్దుగాల కాజీపేటల రైలెక్కితె రాత్రికి ఇంటికొస్తరు. పోయేటప్పుడు పిస్టల్ గట్టి కేసుల, చాంబర్‌ల సేఫ్టీ ఫ్లాగ్ (ఖాళీగ ఉందని చూపే రంగు తీగ) పెట్టి, బిల్లు జిరాక్స్ వెంబడి.

బూట్లు అడుగు చదునుగ, చీలమండ కప్పనివి, బాటా షాపుల దొరికే కాన్వాస్‌వి నడుస్తయ్. కండ్లద్దాల మీద మాత్రం కొంచెం పైసలు పెట్టండి. చూపు టార్గెట్ మీద కాదు ముందు సైట్ మీద నిలవాలె, కాబట్టి కండ్ల డాక్టర్ దగ్గరికి పోయి నా చేతి పొడుగు దూరంల ఉన్న నల్ల గీత స్పష్టంగ కనబడాలె సార్ అని చెప్పండి, మామూలుగ దూరం నంబర్‌కు ఒక 0.50 అటిటు కలిపి ఇస్తరు. షూటింగ్ ఫ్రేమ్ తర్వాత కొనొచ్చు, మామూలు ఫ్రేముల ఆ అద్దం వేయించుకొని, రెండో కంటికి 30 మిల్లీమీటర్ల వెడల్పు దాటని తెల్ల ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టుకుంటె మొదటి ఏడాది ఎల్లిపోతది.